రెండో సంతకం

డిసెంబరు 15

చిట్టీ,

చేరాను. ఆ మాట ముందు రాస్తే నీ ప్రాణం కుదుటపడుతుంది. ఇక్కడ అంతా క్షేమం అని కూడా రాయాలి గానీ, ఇంకా అన్నీ చూడలేదు. చూశాక రాస్తాను.

ఫోన్ చెయ్యలేదని కోప్పడకు. బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను, ఎక్కడో ఛార్జింగు పెట్టిన ఫోను పేలిందట. అందుకని నాది ఆపేసి, తువ్వాల్లో చుట్టి, పెట్టె అడుగున పెట్టాను. అదీగాక ఫోన్లో నువ్వు మాట్లాడేది నాకు సగమే వినపడుతుంది. మిగతా సగం ఊహించుకుంటాను. నేను ఊహించుకునేది ఎప్పుడూ చెడే. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు.

అసలు నన్నిక్కడికి తోసింది నువ్వు. చర్చి పత్రికలో "క్రిస్మస్ సెలవులకు ఇళ్ళు మార్చుకుందామా" అని ఎవరో వేయిస్తే, నాతో మాట మాత్రం చెప్పకుండా నా పేరు రాసి పంపేశావు. ఇప్పుడు నా వాటాలో ముక్కూ మొహం తెలియని మగమనిషి, ఆయనింట్లో నేను! మీ అన్నయ్య పోయిన పదకొండేళ్ళలో ఒక్క రాత్రి నేను బయట పడుకున్నానా? "అందుకే వెళ్ళమంటున్నాను వదినా" అన్నావు. నువ్వూ రావే అంటే పిల్లల పాటల ప్రాక్టీసు అన్నావు. రిటైరైనా నీకా టీచరు బుద్ధి పోదు. సరే, జనవరి ఐదు దాకా ఎలాగో ఊపిరి బిగబట్టుకుంటాను.

ఆయన నీ గోడ పక్కనే ఉంటాడు కాబట్టి ఇల్లు నీకు అప్పగిస్తున్నాను. అన్నిటి మీదా చీటీలు అంటించి వచ్చాను. మొత్తం నలభై రెండు. ఆయన చదివాడో లేదో చూడు. ముఖ్యంగా నీలం కుర్చీ మీదది. "దీని కాలు వదులు. కూర్చోవద్దు. కూర్చుంటే ఎడమకి వాలొద్దు. వాలితే నన్ను అనొద్దు" అని రాశాను. గ్యాసు దగ్గర మూడు చీటీలున్నాయి, మూడూ చదవాలి.

ఆయన మాత్రం నాకు ఒక్క చీటీ పెట్టలేదు తెలుసా? బల్ల మీద చిన్న కాగితం, "ఇల్లు సిద్ధంగా ఉంది" అని. అంతే! ఏ కుళాయి ఎటు తిప్పాలి, ఏ కిటికీ గాలికి కొట్టుకుంటుంది, ఏ స్విచ్ ముట్టుకోకూడదు? ఏమీ లేదు. ఇంత ధీమా ఉన్న మనుషులంటే నాకు భయం.

బేకరీ మీద రెండు గదులు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. అది మరీ దగ్గరగా ఉంది. గోడ మీద ఒక ఫోటో ఉంది, పదకొండుమంది మగవాళ్ళు ఒక లిఫ్టు ముందు నిలబడ్డారు. వీళ్ళలో ఇంటాయన ఎవరో తెలియదు. ఒక్కొక్కళ్ళనీ చూసి ఒక్కొక్కళ్ళకీ భయపడ్డాను.

ఇంకో సంగతి. తలుపు వెనక కొక్కేనికి ఒక చొక్కా వేలాడుతోంది. దాని బొత్తాలు రాగితీగతో కట్టి ఉన్నాయి. దారంతో కాదే, తీగతో! ముప్పై ఏళ్ళు టైలరు కొట్లో కాజాలు కుట్టినదాన్ని, ఇలాంటిది నా కళ్ళతో చూడలేదు. ఇదేం మనిషి? కరెంటు తీగలు కోసే రకం కాదు కదా? నీ గొలుసు జాగ్రత్త.

బస్సు దిగాక చెప్పులో రాయి పడింది. ఎవరిదో దిష్టి.

నీ వదిన

డిసెంబరు 17

వదినా,

నీ ఉత్తరం చదువుతూ వరండాలో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. నీ వాటాలో దిగిన మనిషి "ఏమైందండీ టీచరుగారూ" అని బయటికి వచ్చాడు. నా గొలుసు మెడలోనే ఉంది, దిగులుపడకు.

ఆయన దొంగ కాదు. లిఫ్టు మెకానిక్కు. ముప్పై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బిగించి, బాగుచేసి, రిటైరయ్యాడు. నేను లిఫ్టాయన అంటున్నాను. మన ఊరికి ఎందుకొచ్చాడో తెలుసా? మీ టైలరు కొట్టు ఉండేదే, ఆ పాత మార్కెట్ మేడ, అందులో జాలీ తలుపుల లిఫ్టు ఒకటుంది చూడు. అది ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటగా బిగించిన లిఫ్టట. జనవరిలో దాన్ని పీకేసి కొత్తది పెడుతున్నారు. పోయేలోగా కళ్ళారా చూసుకోవాలని వచ్చాడు.

నేను ఊరుకోకుండా "మా వదిన ముప్పై ఏళ్ళు ఆ మేడలో మూడో అంతస్తులో పనిచేసింది. ఒక్కరోజు కూడా లిఫ్టు ఎక్కలేదు, తాడు తెగుతుందని మెట్లెక్కేది" అని చెప్పాను. ఆయన మొహం చూడాలి! టీ కప్పు కింద పెట్టేశాడు.

"ముప్పై ఏళ్ళా?" అన్నాడు.

"రోజుకి రెండుసార్లు" అన్నాను.

"నేను బిగించిన తాడు తెగుతుందనా?"

"మీరని కాదు లెండి, మా వదినకి అందరి తాళ్ళ మీదా అనుమానమే."

ఆ టీ మళ్ళీ ముట్టుకోలేదు పాపం.

ఇక నీ చీటీల సంగతి. నలభై రెండూ చదివాడు. చదవడమే కాదు, ఒక్కొక్కటీ పట్టుకుని ఆ వస్తువు దగ్గర కూర్చుని, విప్పి, బిగించి, చీటీ మూల పెన్సిలుతో "చూశాను" అని తేదీ వేస్తున్నాడు. నీలం కుర్చీకి కొత్త మేకు పడింది. ఎడమకి వాలి మరీ చూపించాడు. నేను సిగ్గుపడుతూ, "మా వదినకి కొంచెం భయం ఎక్కువండీ" అన్నాను. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఇది భయం కాదండీ, తనిఖీ. ఇంత శ్రద్ధగా తనిఖీ చేసే మనిషి నా దగ్గర ఒక్కళ్ళుంటే నేను సగం ఉద్యోగం హాయిగా నిద్రపోయేవాణ్ణి."

నీ గురించి ఇలాంటి మాట ఎవరైనా అన్నారా ఇప్పటిదాకా? మా అన్నయ్య కూడా అనలేదు.

సముద్రం దగ్గరకొచ్చేది కాదు, నువ్వే వెళ్ళు.

చిట్టి

డిసెంబరు 18

చిట్టీ,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఆ మనిషితో జాగ్రత్త. ఆయనకి భార్య ఉంది.

ఎలా తెలిసిందంటావా? వంటింటి తలుపు వెనక ఒక అట్ట వేలాడుతోంది. గళ్ళు గీసి ఉంది. తేదీ, ఏం చూశారు, మొదటి సంతకం, రెండో సంతకం. గ్యాసు, కిటికీలు, నీళ్ళు, తాళం, అన్నిటికీ రోజూ సంతకాలు! దాని వెనక ఇంకో అట్ట, దాని వెనక ఇంకోటి, పొత్తంలా ఉన్నాయి. అడుగున ఉన్న పాతవాటిలో రెండు గళ్ళలోనూ సంతకాలున్నాయి. మొదటిది మగ రాత, ముళ్ళకంపలా. రెండోది ఆడ రాత, గుండ్రంగా, ముద్దుగా. నేను బయల్దేరేటప్పుడు నువ్వు ఆయన ఒంటరివాడన్నావు. ఆడమనిషి లేని ఇంట్లో ఆడ సంతకం ఎక్కడిది? ఎక్కడ దాచాడు ఆవిణ్ణి?

నీకెందుకే ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నువ్వు ఎవరైనా నాలుగు నవ్వుమాటలు చెబితే కరిగిపోతావు. ఆ సర్కస్ బ్యాండు మాస్టారి సంగతి నేను మర్చిపోలేదు. నాకు నువ్వు తప్ప ఎవరున్నారు? నువ్వు బాధపడితే నేను చూడలేను.

చొక్కా ఉందే, తీగ బొత్తాల చొక్కా, అది నిన్న నా చేతులతోనే విప్పి మళ్ళీ దారంతో కుట్టాను. దొంగ చొక్కాకైనా దొంగ కుట్టు ఉండకూడదు. చూస్తూ ఊరుకోలేకపోయాను. తర్వాత బీరువా కూడా తీశాను. తప్పే. ఇంకా ఆరు చొక్కాలున్నాయి, ఆరింటికీ తీగే. ఇది మాత్రం ఆయనకి చెప్పకు.

వదిన

డిసెంబరు 20

చిట్టీ,

నిన్న రాసిన ఉత్తరం చింపెయ్యి. నిన్న కాదు, మొన్న. తొందరపడ్డాను. ఆ మహాతల్లి ఏడేళ్ళ కింద పోయిందట.

కింద బేకరీ ఆవిడ చెప్పింది. నలభై ఏళ్ళుంటాయి, చేతుల నిండా పిండి, నోటి నిండా మాటలు. "పెద్దమ్మా, పొద్దుటినుంచీ మెట్ల మీద నిలబడి ఏం వింటున్నారు?" అంది. నీ పొయ్యి శబ్దం వింటున్నానమ్మా, నా గది దాని మీదే కదా అన్నాను. నవ్వేసి లోపలికి పిలిచి, పొయ్యి తలుపూ గొట్టమూ అన్నీ తీసి చూపించింది. "మీరూ మా లిఫ్టు బాబాయ్ లాగే ఉన్నారే, ఆయనా నెలకోసారి వచ్చి పొయ్యి చూసి పోతాడు" అంది. అప్పుడు అట్ట సంగతి అడిగాను.

లిఫ్టుల పనిలో ఒక పద్ధతి ఉందట చిట్టీ. ఒక మనిషి అన్నీ చూసి సంతకం పెడితే చాలదట. రెండో మనిషి కూడా తన కళ్ళతో చూసి సంతకం పెట్టాలి. రెండోది పడేదాకా లిఫ్టు కదలకూడదు. ఎంత పెద్ద మెకానిక్కయినా సరే. ఒక్కడి కళ్ళు ఒక్కోరోజు మోసం చేస్తాయట. ఆయన ఇల్లు కూడా అలాగే నడిపాడు. ఆయన చూసేవాడు, ఆవిడ చూసేది. ఆవిడ పోయాక ఒక్క గడే నిండుతోంది. రెండో గడి ఏడేళ్ళుగా ఖాళీ. అయినా కొత్త అట్ట గీసినప్పుడల్లా ఆ గడి గీస్తూనే ఉన్నాడు.

ఇది విని పైకొచ్చి అట్ట ముందు నిలబడ్డాను. ఏం చెయ్యను, ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. బయల్దేరే ముందు రోజు దాకా ఆయన మొదటి సంతకాలున్నాయి. గ్యాసు చూశాను, బాగుంది. కిటికీ చూశాను, బాగుంది. తాళం చూశాను. పెన్సిలు తీసుకుని కింది వరసలో తేదీ వేసి, రెండో గడిలో నా సంతకం పెట్టాను. నువ్వు నేర్పిన సంతకమే. నేను కొత్తకోడలిగా వచ్చినప్పుడు వేలిముద్ర వేస్తుంటే, నువ్వు పలక పట్టుకుని వచ్చి, "వదినా, ఇంత అందమైన చేతులతో ముద్రలేంటి" అని పదిహేను రోజులు దిద్దించావు. అదే వంకర సంతకం. ఇక్కడ పెట్టాను.

నిన్న రాత్రి ఏమైందో తెలుసా? తెల్లారేదాకా నిద్రపోయాను. ఇంట్లో అయితే నాలుగుసార్లు లేచి గడియ చూస్తానా, ఇక్కడ ఒక్కసారి కూడా లేవలేదు. ఈ ఇంట్లో నేను బెంగపడటానికి ఏమీ మిగల్చలేదు ఆయన. నాకంటే ముందే అన్నిటికీ బెంగపడి పెట్టాడు.

నీ 17వ తారీఖు ఉత్తరం ఇప్పుడే వచ్చింది. "తనిఖీ" అన్నాడా? నిజంగా ఆ మాటే అన్నాడా, నువ్వు కల్పించావా? మళ్ళీ రాయి.

వదిన

డిసెంబరు 20

వదినా,

నీ 18వ తారీఖు ఉత్తరం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన భార్య పోయి ఏడేళ్ళయింది. నేరుగా ఆయన్నే అడిగాను, నీలాగా తలుపుల వెనక వెతకలేదు. బ్యాండు మాస్టారి ఊసు ఎత్తినందుకు ఇంటికొచ్చాక నీ పని చెబుతాను.

ఇక్కడ బాగా సందడిగా ఉంది. లిఫ్టాయన పాటల ప్రాక్టీసుకి వస్తున్నాడు. గొంతు మరీ లోతు, శ్రుతి మాత్రం లేదు. పిల్లలు ఆయన్ని చివరి వరసలో నిలబెట్టి, "తాతగారూ, మీరు పెదాలు కదపండి చాలు" అన్నారు. బుద్ధిగా కదుపుతున్నాడు. మన వరండాకి నక్షత్రం కట్టాడు. నిచ్చెన ఎక్కి కట్టాడు కానీ కింద నన్ను పట్టుకోమన్నాడు, నువ్వు కంగారు పడకు.

సాయంత్రాలు వరండాలో కూర్చుని టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటున్నాం. ఇన్నాళ్ళకి నాకూ పొద్దుపోయే తోడు దొరికింది.

నీ బీరువాలో ఉన్న ఆ మెత్తటి ఎర్ర శాలువా తీసుకున్నాను, క్రిస్మస్ రోజుకి కావాలి. చెప్పకుండా తీశానని అనకు, ఇదిగో చెప్పాను.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది వదినా. అది ఉత్తరంలో రాసేది కాదు. నువ్వు వచ్చాక, ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను. నువ్వు ఎలా తీసుకుంటావో అని నాకు లోపల భయంగానే ఉంది. భయం నీ సొత్తని అనుకునేదాన్ని, నాకూ అంటించావు.

చిట్టి

డిసెంబరు 23

చిట్టీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను చదువు రానిదాన్నే గానీ, ఇంత కూడా తెలియనిదాన్ని కాదు. ఎదురుగా చెప్పక్కర్లేదు, నాకు అర్థమైంది.

సాయంత్రం టీలు. తోడు దొరికిందన్నావు. అరవై ఏళ్ళొచ్చినా శాలువా అంటే మొహం ముడుచుకునేదానివి, ఎర్ర శాలువా కప్పుకుంటానన్నావు. నేనేమంటానో అని భయమన్నావు.

పిచ్చిదానా, నేనేమంటాను? సంతోషిస్తాను. నువ్వు పెళ్ళి వద్దన్నప్పుడల్లా మీ అన్నయ్య ఎంత దిగులుపడేవాడో నాకు తెలుసు. ఇన్నేళ్ళూ బడి పిల్లలకి, నాకు, అందరికీ చేశావు. మంచి మనిషి. బీరువాలో చొక్కాలు ఎలా మడతపెట్టాడో చూశాను, కాలర్లన్నీ ఒకవైపు. అలాంటివాడు మనసుల్ని కూడా నలగనివ్వడు. తీగ సంగతి ఒక్కటే, అది నువ్వు మాన్పించు. ఏడు చొక్కాలకీ దారం వేశాను, ఇక ముందు నీ వంతు. నీకు సూదిలో దారం ఎక్కించడమే రాదు, పోనీ నేను పక్క వాటాలోనే ఉంటాను కదా. ఉంటాను కదా? మీరు ఈ ఊరొచ్చేస్తే చెప్పు, గోడ అవతల నిశ్శబ్దంగా ఉంటే నాకు అలవాటవ్వడానికి కొన్నాళ్ళు పడుతుంది. ముందే చెబితే మంచిది.

నేనొక పొరపాటు చేశాను, నువ్వు కోప్పడకూడదు. ఆ అట్ట మీద సంతకాలు పెట్టానన్నాను కదా. పెట్టకూడని గడి అది. నీ ఉత్తరం రాగానే బేకరీ ఆవిణ్ణి రబ్బరు అడిగి తెచ్చుకుని అన్నీ చెరిపేశాను. పెన్సిలుతో పెట్టడం మంచిదయింది. కొంచెం మరక మిగిలింది, దగ్గరకెళ్ళి చూస్తే తప్ప తెలియదు.

నా ఆరోగ్యం బాగానే ఉంది. రాత్రి మళ్ళీ మూడుసార్లు లేచాను. ఊరికే. ఈ ఉత్తరంతో పాటు బస్సులో కేకు పంపుతున్నాను, రేపే అందుతుంది, బేకరీ ఆవిడ చేసింది. ఇద్దరూ తినండి. ఎండు ద్రాక్షలో గింజలుంటాయి, చూసి నమలమను.

నీ మేలు కోరే
వదిన

డిసెంబరు 25, మధ్యాహ్నం

వదినా! వదినా! వదినా!

నీ కేకు, నీ ఉత్తరం నిన్న వచ్చాయి. నిన్నంతా పిల్లల నాటకం హడావుడి. ఇప్పుడు అందరూ వెళ్ళాక, కుర్చీలో కూలబడి రాస్తున్నాను. నీ నీలం కుర్చీలోనే, వరండాలోకి తెచ్చుకుని, ఎడమకి వాలి.

ముందు శాలువా. అది నాకు కాదు. నాటకంలో పశువులపాకలో బాలయేసుని చుట్టడానికి! నిన్న సాయంత్రం నీ ఎర్ర శాలువాలో ప్లాస్టిక్ బొమ్మ హాయిగా పడుకుంది. ఆ శాలువాలో నీకు పెళ్ళికళ కనిపించిందంటే, నిన్ను ఏం చెయ్యాలి?

ఇప్పుడు రెండోది. జాగ్రత్తగా, కూర్చుని చదువు.

ఆయన రోజూ సాయంత్రం టీ తాగడానికి వస్తాడు, నిజమే. వచ్చి కూర్చుని ఏం మాట్లాడతాడో చెప్పనా? "మీ వదినగారు ఈ చీటీలో కిటికీ ఉత్తరం గాలికి కొట్టుకుంటుందని రాశారు. గాలి దిక్కు కూడా గమనించారండీ!" "మీ వదినగారు టీలో చక్కెర ఎంత వేసుకుంటారు?" "మీ వదినగారికి సముద్రం నచ్చిందో లేదో రాశారా?" నా గురించి ఇన్నిరోజుల్లో అడిగింది ఒక్కటే ప్రశ్న, "టీచరుగారూ, మీ వదినగారి ఉత్తరం ఏమైనా వచ్చిందా?"

నేను ఎదురుగా చెబుతానన్నది ఇదే. ఇరవయ్యో తారీఖున, నీ నలభై రెండో చీటీ తనిఖీ అయ్యాక, నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. ఆ చీటీ గుర్తుందా? గుమ్మం దగ్గరది. "వెళ్ళేటప్పుడు అన్నీ చూసుకున్నాక, ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ఎవరూ లేకపోయినా వస్తానని చెప్పండి. ఇల్లు వింటుంది" అని రాశావు. అది చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "టీచరుగారూ, మీకు అభ్యంతరం లేకపోతే, మీ వదినగారు వచ్చేదాకా నేనుండి, ఒకసారి కలిసి మాట్లాడి వెళతాను. మీరు వద్దంటే ఐదో తారీఖు పొద్దున్నే బస్సెక్కుతాను" అన్నాడు.

నాకు భయమేసింది నిజమే. నేను మా అన్నయ్య చెల్లెల్ని. నేను ఈ మాట మోసుకొస్తే, "మీ అన్నయ్యని మర్చిపొమ్మంటున్నావా" అని నువ్వు బాధపడతావేమో అని భయం. నువ్వేమో నన్నే ఆయనకిచ్చి పెళ్ళి చేసేసి, చొక్కాలు కూడా అప్పగించి, రబ్బరు పట్టుకుని కూర్చున్నావు.

ఫోటోలో ఎడమ నుంచి మూడోవాడు ఆయన. చెవులు పెద్దవి.

క్రిస్మస్ శుభాకాంక్షలు, మొద్దు వదినా. ఆ చెరిపిన గళ్ళ సంగతి ఏం చేస్తావో నువ్వే చూసుకో.

చిట్టి

డిసెంబరు 28

చిట్టీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని సముద్రం దాకా వెళ్ళాను. మొదటిసారి వెళ్ళాను. ఎలా వెళ్ళానో తెలియదు. తలుపు తాళం వేశానో లేదో గుర్తులేదు. అదీ నా పరిస్థితి. తిరిగొచ్చి చూస్తే వేసే ఉంది.

ఇదేం మాట చిట్టీ? నాకు అరవై నాలుగు. మోకాళ్ళు నొప్పి, చెవి మందం. ఇప్పుడు నాతో మాట్లాడటానికి ఒక మనిషి బస్సు వదులుకుని కూర్చుంటాడా? నన్ను చూస్తే ఏమంటాడు? చీటీల మీద మనిషి వేరు, ఎదురుగా మనిషి వేరు. చీటీలో నేను గట్టిగా ఉంటాను. ఎదురుగా అయితే మాట తడబడుతుంది.

ఇవన్నీ పక్కన పెట్టు. ఒక్కటే అడుగుతాను. నాకు మీ అన్నయ్య ఒక్కడే మనిషి. ఆయన ఇచ్చి వెళ్ళింది నిన్ను. నేను ఇంకొకరి గడిలో సంతకం పెడితే, రేపు నువ్వు నన్ను వదినా అని పిలుస్తావా? నోటితో కాదు, మనసుతో పిలుస్తావా? నీకు రవ్వంత నొప్పి ఉన్నా రాసెయ్యి. ఐదో తారీఖు పొద్దున ఆయన్ని బస్సెక్కించు. నేను ఆ తర్వాత బస్సుకి వస్తాను. నిన్ను పోగొట్టుకుని నాకు ఏదీ వద్దు.

అబద్ధం రాయకు. నువ్వు అబద్ధం రాస్తే నీ అక్షరాలు పైకి ఎగబాకుతాయి, నాకు తెలిసిపోతుంది.

వదిన

డిసెంబరు 30

వదినా,

స్కేలు పెట్టి గీత గీసుకుని రాస్తున్నాను. అక్షరాలు ఎగబాకాయేమో కొలిచి చూసుకో.

నొప్పి ఉందా అంటే, ఉంది. నీ ఉత్తరం చదివి అన్నయ్య ఫోటో ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. కానీ అది నువ్వు ఇంకొకరితో మాట్లాడతావన్న నొప్పి కాదు. పదకొండేళ్ళుగా గోడ అవతల నువ్వు లేచి గడియ చూసి వచ్చి మళ్ళీ పడుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. రాత్రికి నాలుగుసార్లు. నేను ఇవతల కళ్ళు తెరుచుకుని లెక్కపెట్టేదాన్ని. ఒక్కసారి కూడా లేచి వచ్చి, "పడుకో వదినా, నేను చూశాను" అనలేదు. ఆ మాట అనాలని నాకు తోచలేదు. ఆయనకి తోచింది. అదీ నా నొప్పి.

అన్నయ్య నీ అన్నం డబ్బా పట్టుకుని నీతో పాటు కొట్టు దాకా వచ్చిన రోజుల్లో, నువ్వు మెట్లెక్కుతుంటే తను లిఫ్టులో వెళ్ళి, మూడో అంతస్తులో జాలీ తలుపు తెరిచి పట్టుకుని, "ఇంకా రాలేదేంటమ్మా రాణీగారు" అని ఏడిపించేవాడు గుర్తుందా? ఆ మనిషి నిన్ను మెట్లెక్కి అలిసిపోవాలని కోరుకుంటాడా? ఎక్కిన మెట్లు చాలు.

నువ్వు ఏ గడిలో సంతకం పెట్టినా నీ చేతికి అక్షరం దిద్దించింది నేను. నిన్ను వదినా అని పిలవకుండా ఎవరాపుతారు?

ఇంకో కబురు. పాత లిఫ్టుని ఆరో తారీఖున ఆపేస్తారు. ఐదో తారీఖు సాయంత్రం చివరిసారి నడుపుతారట. మార్కెట్ వాళ్ళు ఆఖరి తనిఖీ లిఫ్టాయన్నే చెయ్యమన్నారు. చేసి, సంతకం పెట్టి, ఆ అట్ట ఈ కవర్లో పెట్టమని నాకిచ్చాడు. రెండో గడి ఖాళీగా ఉంది చూడు. "ఇంకెవరిచేతనైనా పెట్టించండి, మార్కెట్లో ఇంతమంది ఉన్నారు కదా" అన్నాను. "ముప్పై ఏళ్ళు నమ్మని మనిషి ఒక్కరే ఉన్నారండీ, వారు చూశాకే కదలాలి" అన్నాడు.

ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకోటి అడిగాడు. "తీగ బొత్తాలు చూసి నవ్వారా?"

చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదు. కానీ నా మొహం చూసి తెలిసిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

చిట్టి

జనవరి 2

చిట్టీ,

అక్షరాలు కొలిచాను. ఒక్కటీ ఎగబాకలేదు.

పెట్టె సర్దుకున్నాను. ఫోను తువ్వాల్లోంచి తీశాను, ఛార్జింగు పెట్టలేదు, ఒక్కసారిగా అన్ని ధైర్యాలూ నావల్ల కాదు. కిటికీలు రెండుసార్లు చూశాను, మూడోసారి చూడాలనిపించలేదు. బేకరీ ఆవిడ రొట్టె కట్టి ఇచ్చింది. "మళ్ళీ ఎప్పుడొస్తారు పెద్దమ్మా?" అంది. నీ పొయ్యి నెలకోసారి చూడాలి కదమ్మా, రాక ఏం చేస్తాను అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఆవిడ ఒకటే నవ్వు.

ఫోటోలో ఎడమ నుంచి మూడోవాణ్ణి చూశాను. ఇన్నిరోజులూ కుడి చివర మీసాలాయన అనుకున్నాను. ఫరవాలేదు. చెవులు పెద్దవైతే నేను గట్టిగా అరవక్కర్లేదు. నాకే వినపడదు, ఆయనకైనా వినపడాలి.

వంటింటి అట్ట దగ్గరకి వెళ్ళాను. చెరిపిన గళ్ళలో మరకలు అలాగే ఉన్నాయి. వాటి మీదే మళ్ళీ సంతకాలు పెట్టాను, ఈ రోజుదీ పెట్టాను. మధ్యలో పెట్టని రోజులకి పెట్టలేదు, ఆ రోజులు నేను చూడలేదు, అబద్ధం రాయకూడదు. ఈసారి పెన్నుతో పెట్టాను. రబ్బరుకి పోదు.

నువ్వు పంపిన లిఫ్టు అట్ట మాత్రం ఖాళీగానే తెస్తున్నాను. కోపం తెచ్చుకోవద్దని చెప్పు. తాడు నా కళ్ళతో చూడకుండా ఎలా పెడతాను? పైన మోటారు గది దాకా తీసుకెళ్ళి చూపించమను. ప్రతి బోల్టూ చూపించాలి. సంతకం ఆ తర్వాతే.

ఐదో తారీఖు సాయంత్రం నాలుగింటికి అక్కడికి చేరే బస్సు. నువ్వు బస్టాండుకి రావద్దు, చలిగాలి. ఆయన్ని నక్షత్రం విప్పడానికి నిచ్చెన ఎక్కనివ్వకు, నేనొచ్చాక పట్టుకుంటాను. గ్యాసు దగ్గర మూడు చీటీలూ అలాగే ఉంచు. ఎర్ర శాలువా ఉతికావా? ఉతక్కపోతే అలాగే తీసుకురా, కప్పుకుంటాను.

సరాసరి పాత మార్కెట్ మేడకే వస్తాను. ఆయనకి చెప్పు, సంతకం పెట్టాక ఇక మెట్లు ఎక్కను.

నీ వదిన